వడగాడ్పుల అంచున గాలివాన
అధిక పీడనం చుట్టూ వేసవి ఉరుముల వానల జాడ తీసే విధానం

వేసవి నెలలలో వాతావరణ కేంద్రాలు విడుదల చేసే బులెటిన్లలో ఒకే తేదీ కింద రెండు హెచ్చరికలు పక్కపక్కనే కనిపించడం పరిపాటి. కొన్ని జిల్లాలలో వడగాడ్పులు వీస్తాయని ఒకటి. వాటిని ఆనుకుని ఉన్న జిల్లాలలో ఉరుములు, మెరుపులతో కూడిన వాన పడుతుందని, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు వీయవచ్చునని మరొకటి. ఒక్కొక్కప్పుడు ఒకే జిల్లా పేరు రెండు జాబితాలలోనూ ఉంటుంది. పరస్పర విరుద్ధంగా తోచే ఈ రెండు సూచనలలో ఏది నమ్మదగినదన్న సందేహం కలగడం సహజమే. అయితే ఈ రెండింటి వెనుకా తరచుగా ఉండేది ఒకే వ్యవస్థ. అదే అధిక పీడనం. దాని నడిమి భాగాన ఎండ, దాని అంచున గాలివాన. ఆ అంచు ఏ రోజున ఎక్కడ ఉన్నదో కనిపెట్టడమే వేసవి గాలివానల జాడ తీయడంలో అసలు పని.

ఈ పని ఎంత అవసరమో ఇటీవలి సంవత్సరాల అనుభవమే చెబుతున్నది. 2024 మే మొదటి వారంలో తెలంగాణలో పలుచోట్ల పగటి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలు దాటాయి. ఆ వేడి ఇంకా చల్లారకముందే మే 7వ తేదీ సాయంత్రం హైదరాబాద్ నగరాన్ని గాలివాన అతలాకుతలం చేసింది. శివారు ప్రాంతమైన బాచుపల్లిలో నిర్మాణ స్థలం వద్ద గోడ కూలి, పొరుగు రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కార్మిక కుటుంబాలకు చెందిన ఏడుగురు మరణించారు. అంతకు ముందు సంవత్సరం, 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో నేల తెల్లబడేటట్లు వడగండ్లు కురిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ 24వ తేదీన 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగుపాట్లు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ యంత్రాంగం ప్రకటించింది. 2017 మే నెల మొత్తం మీద నమోదైన సంఖ్య సుమారు 30,000. నెల రోజుల పిడుగులు ఒక్క పూటలో పడినట్లయింది.

రెండు అంతస్తుల అధిక పీడనం

చుట్టుపక్కల కంటే గాలి ఒత్తిడి ఎక్కువగా ఉన్న ప్రాంతమే అధిక పీడన ప్రాంతం. దీనినే ప్రతిచక్రవాతం అని కూడా వ్యవహరిస్తారు. తుపానులో గాలి చుట్టూ తిరుగుతూ లోపలికి చేరి పైకి లేస్తుంది; ఇక్కడ అందుకు భిన్నంగా పైనుంచి కిందికి దిగి, నేలను చేరి వెలుపలికి వ్యాపిస్తుంది. ఉత్తరార్ధగోళంలో ఈ గాలులు గడియారపు ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతాయి. దిగుతున్న పొడి గాలి ప్రతి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. కనుక అధిక పీడనం కింద మేఘం నిలవదు, ఎండకు అడ్డు ఉండదు.

తెలుగు ప్రాంతాల వేసవిని అర్థం చేసుకోవడానికి ఇటువంటి వ్యవస్థలు రెండింటిని విడివిడిగా చూడవలసి ఉంటుంది. మొదటిది బంగాళాఖాతం మీద, నేలకు దగ్గరగా, ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులోపు ఏర్పడేది. వేసవిలో భూమి త్వరగా వేడెక్కుతుంది, సముద్రం ఆలస్యంగా వేడెక్కుతుంది. అందువల్ల భూమి మీద ఒత్తిడి తగ్గి, సముద్రం మీద ఎక్కువగా నిలుస్తుంది. ఈ అధిక పీడనపు పడమటి అంచు కోస్తా తీరం మీద పడినప్పుడు, అక్కడ గాలులు దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి వీస్తాయి. అవి సముద్రపు తేమను మోసుకుని కోస్తాను దాటి తెలంగాణ, రాయలసీమ లోపలి మండలాల వరకు వస్తాయి. ఉక్కపోత అని జనం విసుగుకునే ఆ గాలే సాయంకాలపు గాలివానకు ముడిసరుకు.

రెండవది దక్కను పీఠభూమి మీద, నేలకు మూడు నుంచి ఆరు కిలోమీటర్ల ఎత్తున నిలిచేది. నేల మీద వీచే గాలితో దీనికి నేరుగా సంబంధం కనిపించదు. ఇది పైన ఉండి గాలిని కిందికి నొక్కుతుంది. ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూత పెట్టినట్లే దీని పని. కింద ఎంత వేడి, ఎంత తేమ ఉన్నా ఆవిరి పైకి లేవలేదు. మూత బిగువుగా ఉన్నంత కాలం ఎండలే. 2015 మే నెలాఖరులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలో కలిపి 2,000 మందికి పైగా ప్రాణాలు బలిగొన్న వడగాడ్పుల సమయంలో వాయవ్యం నుంచి వచ్చిన పొడి గాలులు కోస్తా వరకు దూసుకువచ్చాయి. సముద్రపు గాలి లోపలికి రాలేకపోయింది.

గిన్నె నడుమ బిగిసి ఉన్న మూత అంచున వదులుగా ఉండవచ్చు. పొంగు అక్కడి నుంచే వస్తుంది. ఎగువ అధిక పీడనం పక్కకు జరిగినప్పుడు, లేదా బలహీనపడినప్పుడు, అప్పటి వరకు పోగుపడిన వేడి, తేమ ఒక్కసారిగా పైకి లేస్తాయి. మూత ఎంత సేపు ఆగితే పొంగు అంత ఉధృతం. మూడు నాలుగు రోజులు ఎండలు మండిన తరువాత వచ్చే గాలివాన సాధారణ జల్లు కంటే తీవ్రంగా ఉండడానికి ఒక కారణం ఇదే. మరో కారణం కూడా ఉన్నది. అధిక పీడనపు అంచున, ఎత్తు మారేకొద్దీ గాలి దిశ, వేగం మారుతూ ఉంటాయి. కింద ఆగ్నేయపు గాలి, పైన పడమటి గాలి ఉన్నప్పుడు మేఘం ఒక పక్కకు వాలి పెరుగుతుంది. వాన ఒకచోట పడుతుంటే ఊర్ధ్వముఖంగా లేచే గాలి మరొకచోట సాగుతుంది. వాన తన మేఘాన్ని తానే చల్లార్చుకోకుండా తప్పుకుంటుంది కనుక అటువంటి మేఘం గంటల తరబడి బతుకుతుంది.

ద్రోణి అనే హద్దుగీత

బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, విదర్భ, మరాఠ్వాడాల మీదుగా వచ్చే పొడిగాలి ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పదు. ఆ చోటునే బులెటిన్లలో ద్రోణి అని, గాలి విచ్ఛిన్నతి అని పేర్కొంటారు. వేసవిలో తరచుగా ఇది విదర్భ లేదా ఛత్తీస్‌గఢ్ నుంచి తెలంగాణ, రాయలసీమ లేదా కర్ణాటక లోతట్టు ప్రాంతాల మీదుగా తమిళనాడు వరకు, సముద్రమట్టానికి సుమారు 0.9 కిలోమీటర్ల ఎత్తున, ఉత్తర దక్షిణాలుగా సాగి ఉంటుంది. పత్రికలలో ఈ వాక్యాన్ని చాలాసార్లు యథాతథంగా ప్రచురించి వదిలివేయడం జరుగుతున్నది. నిజానికి ఆ రోజు బులెటిన్ మొత్తంలో అత్యంత విలువైన వాక్యం అదే. ద్రోణికి తూర్పున తేమ, పడమట పొడి. దాని మీదనే మేఘాలు పుడతాయి.

బంగాళాఖాతంలోని అధిక పీడనం బలపడి తీరానికి చేరువైతే ద్రోణి పడమటికి జరుగుతుంది. అప్పుడు ఉరుముల వానలు తెలంగాణ పశ్చిమ జిల్లాలు, అనంతపురం, కర్ణాటక సరిహద్దుల వైపు మళ్లుతాయి. అది బలహీనపడి తూర్పునకు, నడిసముద్రానికి తొలగితే పొడిగాలి ముందుకు వచ్చి ద్రోణి కోస్తా వైపు జరుగుతుంది. అప్పుడు తెలంగాణలో వడగాడ్పులు, తూర్పు కనుమల అంచున గాలివానలు. వంద, నూట యాభై కిలోమీటర్ల జరుగుబాటుతో ఒక జిల్లాకు రావలసిన వడగండ్లు మరో జిల్లాకు పోతాయి. అందుచేతనే రెండు మూడు రోజుల ముందు ఇచ్చే సూచనలో జిల్లా పేరు చెప్పగలుగుతారు గాని మండలం పేరు చెప్పరు.

ఇదే అధిక పీడనం ఇంకా ఉత్తరాన మరో పేరుమోసిన గాలివానకు తేమను అందిస్తుంది. ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి మీద పుట్టి బెంగాల్ మైదానాల మీదికి దూసుకువచ్చే కాలబైశాఖి అది. దానిని అధ్యయనం చేయడానికి 2005లో తూర్పు, ఈశాన్య భారతాలలో స్టార్మ్ అనే పేరిట ప్రత్యేక కార్యక్రమం ప్రారంభమైనది. తెలుగు ప్రాంతాల గాలివానలకు అటువంటి పేరేదీ లేదు. ఉన్న మాట అకాల వర్షం. ఈ మాట మీద ఒక అభ్యంతరం ఉన్నది. పంట కళ్లంలో ఉన్న రైతుకు అది అకాలమే. వాతావరణ శాస్త్రం దృష్టిలో మాత్రం మార్చి నుంచి మే వరకు ఉరుముల వానలకు అదే కాలం. భరణి, కృత్తిక కార్తెలలో ఏదో ఒక సాయంత్రం గాలివాన వస్తుందన్నది పెద్దలకు తెలియని సంగతి కాదు. అకాలం అని రాసినప్పుడు అది ఎవరూ ఊహించలేని విపత్తు అన్న భావం పాఠకునికి చేరుతుంది; ముందస్తు ఏర్పాట్ల గురించి అడగవలసిన ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

అమెరికాలో ఒక జూన్ రాత్రి

అధిక పీడనం చుట్టూ గాలివానలు ప్రదక్షిణ చేయడం తెలుగు ప్రాంతాలకే పరిమితం కాదు. అమెరికాలో వేసవి అధిక పీడనం దేశం మధ్య భాగాన గుమ్మటంలా నిలిచినప్పుడు దాని ఉత్తరపు అంచు వెంట ఉరుముల వానలు ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. అక్కడి వాతావరణ నిపుణులు దీనిని అగ్నివలయం అని పిలుచుకుంటారు. 2012 జూన్ 29న ఇండియానా ప్రాంతంలో బలపడిన గాలివాన వరుస ఒహాయో, వెస్ట్ వర్జీనియాలు దాటి, అపలాచియన్ పర్వతాలు ఎక్కి దిగి, రాత్రి పది గంటల ప్రాంతంలో వాషింగ్టన్ నగరాన్ని తాకింది. సుమారు 12 గంటలలో 1,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆ పగలు వాషింగ్టన్‌లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. ఫోర్ట్ వేన్ విమానాశ్రయం వద్ద గాలి వేగం గంటకు 146 కిలోమీటర్లుగా నమోదైనది. తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించే వర్జీనియా, మేరీలాండ్ శివారు ప్రాంతాలు రోజుల తరబడి చీకటిలో ఉండిపోయాయి.

ఇటువంటి సుదీర్ఘ గాలివానకు డెరేచో అని పేరు. స్పానిష్ భాషలో తిన్ననిది అని అర్థం. 1888లో అయోవా శాస్త్రవేత్త గుస్టావస్ హిన్రిక్స్ ఈ పేరు పెట్టారు. సుడిగాలి వలె తిరగక తిన్నగా కొట్టే గాలి అని చెప్పడం ఆయన ఉద్దేశం. 2012 నాటి ఘటన మీద అమెరికా జాతీయ వాతావరణ సేవ జరిపిన సమీక్షలో రెండు అంశాలు తెలుగు రాష్ట్రాల అధికారులకూ పనికివచ్చేవి ఉన్నాయి. పెద్ద సుడిగాలుల విషయంలో లభించినంత ముందస్తు సూచన దీనికి లభించలేదు. కంప్యూటర్ నమూనాలు దీని తీవ్రతను చాలా ముందుగా పట్టుకోలేకపోయాయి. రెండవది మరింత ఆలోచింపజేసేది. గాలి దెబ్బకు, ప్రధానంగా చెట్లు మీద పడి, 13 మంది మరణించగా, కరెంటు లేని ప్రాంతాలలో ఆ తరువాతి రోజుల వేడికి 34 మంది మరణించారు. గాలివాన వెళ్లిపోయినా అధిక పీడనం వెళ్లలేదు. మర్నాడు మళ్లీ అదే ఎండ. ఈసారి ఫ్యాను లేదు.

తెల్లవారుజాము నుంచి సాయంత్రం వరకు

జాడ తీసే పని ఉదయం 5.30 గంటలకు బెలూనుతో మొదలవుతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాద్ తదితర కేంద్రాల నుంచి పరికరం కట్టిన బెలూన్లను గాలిలోకి వదులుతారు. ఎత్తు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత, తేమ, గాలి ఎలా మారుతున్నాయో ఆ పరికరం రేడియో ద్వారా పంపుతుంది. మూత ఎంత మందంగా ఉన్నది, అది తొలగితే మేఘం ఎంత ఎత్తుకు ఎదగగలదు అన్న రెండు ప్రశ్నలకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది. మూత తొలగడానికి నేల మీద ఎన్ని డిగ్రీల ఎండ కాయాలో కూడా లెక్క వేయవచ్చు. సాయంత్రం 5.30కు మరో బెలూను వెళుతుంది. అప్పటికి చాలా రోజులలో గాలివాన మొదలై ఉంటుంది. ఈ రెండింటి మధ్య 12 గంటల వ్యవధే గాలివానకు అనువైన వ్యవధి కావడం ఈ పద్ధతిలోని ఇబ్బంది.

ఆ ఖాళీని ఉపగ్రహాలు కొంత పూరిస్తాయి. ఇన్సాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఇన్సాట్-3డిఎస్ ఉపగ్రహాలు పంపే చిత్రాలలో మధ్యాహ్నం వేళ ద్రోణి వెంట చిన్న మేఘాలు వరుస కట్టడం కనిపిస్తుంది. పరారుణ చిత్రంలో మేఘం పైభాగం ఎంత చల్లగా ఉంటే అది అంత ఎత్తుకు ఎదిగినట్లు. వేసవిలో క్యుములోనింబస్ మేఘాలు 12 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతాయి. పెరుగుదల వేగం చూసి ఏ మేఘం ముదురుతుందో, ఏది విడిపోతుందో అంచనా వేస్తారు.

వాన మొదలైన తరువాత భారం డాప్లర్ రాడార్ మీద పడుతుంది. భారత వాతావరణ శాఖ తొలి డాప్లర్ రాడార్‌ను 2002లో చెన్నైలో నెలకొల్పింది. ఆ తరువాత మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్‌లకు కూడా ఈ సదుపాయం కలిగింది. రాడార్ పంపిన తరంగం వాన చినుకును, వడగల్లును తాకి తిరిగి వస్తుంది. ప్రతిధ్వని ఎంత బలంగా ఉన్నదన్న దానిని బట్టి వాన జోరు, వడగండ్ల జాడ తెలుస్తాయి. తరంగం పౌనఃపున్యంలో వచ్చే తేడాను బట్టి మేఘం లోపలి గాలి రాడార్ వైపు వస్తున్నదో, దూరంగా పోతున్నదో తెలుస్తుంది. సుమారు పది నిమిషాలకు ఒకసారి కొత్త చిత్రం వస్తుంది. వరుసగా మూడు చిత్రాలు చూసిన వారికి మేఘం నడక అర్థమవుతుంది. ఎగువ అధిక పీడన అక్షానికి ఉత్తరాన పడమటి గాలులు, దక్షిణాన తూర్పు గాలులు ఉంటాయి. కనుక తెలంగాణలో పుట్టిన మేఘం సాధారణంగా తూర్పునకు, ఆగ్నేయానికి నడుస్తుంది. అక్షానికి దక్షిణాన పడిన రోజున రాయలసీమలో మేఘం పడమటికి నడవవచ్చు. అక్షం తెలియకుండా మేఘం నడకను ఊహించరాదు.

రాడార్‌కు ఒక పరిమితి ఉన్నది. భూమి గుండ్రంగా ఉన్నందున దూరం పెరిగేకొద్దీ తరంగం నేలకు ఎత్తుగా పోతుంది. 200 కిలోమీటర్ల దూరాన అది చూసేది నేలకు మూడు నాలుగు కిలోమీటర్ల పైన జరిగే సంగతులను మాత్రమే. గోడలు కూల్చే గాలి నేల మీద వీస్తుంది. ఆ గాలి జాడ తెలియాలంటే మండలాలలోని స్వయంచాలక వాతావరణ కేంద్రాలే దిక్కు. తెలంగాణలో అటువంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక కేంద్రం వద్ద ఉష్ణోగ్రత పది నిమిషాలలో ఏడెనిమిది డిగ్రీలు పడిపోయి, గాలి దిశ మారిందంటే గాలివాన ముఖం అక్కడికి చేరినట్లే. పక్క మండలానికి అదే హెచ్చరిక.

మరో సాధనం పిడుగులను గుర్తించే సెన్సర్ల వ్యవస్థ. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా ఇటువంటి వ్యవస్థను నెలకొల్పి, దామిని అనే మొబైల్ యాప్ ద్వారా సమాచారం అందిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా సెన్సర్లను ఏర్పాటు చేసుకున్నది. 2018 ఏప్రిల్ నాటి లెక్క వాటి నుంచి వచ్చినదే. మేఘంలో ముందుగా పుట్టేవి నేలను తాకని మెరుపులు. వాటి సంఖ్య ఉన్నట్టుండి పెరిగిందంటే మేఘం ముదురుతున్నదని, త్వరలో పిడుగులు నేలకు దిగుతాయని అర్థం. ఈ సూచన వల్ల దొరికే వ్యవధి అరగంట, మహా అయితే ముప్పావుగంట. దుక్కి దున్నే మనిషి ఊరు చేరడానికి అది చాలు. ఫోను ఇంటి దగ్గర వదిలి వచ్చిన మనిషికి ఎంత వ్యవధి ఉన్నా ఒకటే.

వానకు ముందు వచ్చే గాలి

ప్రాణనష్టంలో ఎక్కువ భాగం వాన వల్ల గాక, వానకు ముందు వచ్చే గాలి వల్ల, పిడుగు వల్ల జరుగుతున్నది. మేఘం మధ్య భాగంలో వాన చినుకులు పొడి గాలిలో పడి ఆవిరైపోతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన గాలి కిందికి జారి, నేలను తాకి, మేఘం కంటే ముందుగా అన్ని దిక్కులకూ పరుగెత్తుతుంది. తల మీద ఆకాశం ఇంకా తెల్లగా ఉండగానే దుమ్ము లేస్తుంది. పైన చెప్పిన పొడి అధిక పీడనం పక్కనే ఉండడం వల్ల వేసవి మేఘాలకు ఈ జారుడు గాలి మరింత బలంగా ఉంటుంది. గాలి వేగం గంటకు 62 నుంచి 87 కిలోమీటర్ల మధ్య ఉంటే దానిని తీవ్ర గాలివానగా, అంతకు మించితే అతి తీవ్రమైనదిగా వాతావరణ శాఖ పరిగణిస్తుంది.

2018 మే 15న గోదావరిలో దేవీపట్నం మండలం మంటూరు సమీపాన ప్రయాణికుల లాంచీ మునిగిపోయి పలువురు మరణించినది ఇటువంటి ఈదురు గాలుల లోనే. సంతలకు, కార్యాలయాలకు నది మీదనే రాకపోకలు సాగించే గిరిజన గ్రామాల వారికి అది రోజువారీ ప్రయాణం. కొండల నడుమ నదీమార్గంలో గాలి ఒడిసి మరింత వేగం పుంజుకుంటుంది. పడవలో ఉన్నవారికి ఒడ్డు చేరే వ్యవధి ఉండదు. ఇటువంటి చోట హెచ్చరిక చేరవలసినది జిల్లా కేంద్రానికి కాదు, రేవులో టిక్కెట్టు ఇచ్చే మనిషికి.

పిడుగుల సంగతి మరింత విషాదకరం. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం దేశంలో పిడుగుపాటుకు 2020లో 2,862 మంది, 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది మరణించారు. తుపాను వలె ఒకే రోజు, ఒకే చోట జరగదు కనుక ఈ నష్టం పెద్ద అక్షరాలలో అచ్చుకాదు. ఒక మండలంలో మిరప కళ్లం మీద పరదా కప్పబోయిన దంపతులు, మరో మండలంలో వేపచెట్టు కిందికి గొర్రెలను తోలిన కాపరి: ఇటువంటి రెండు మూడు వరుసల వార్తలు ఏడాది పొడవునా కలిసి ఈ సంఖ్య అవుతున్నది. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించడానికి 30 సెకన్ల లోపు పట్టిందంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపు పడినట్లు. అప్పటికే పక్కా భవనంలోకి చేరి ఉండాలి. చివరి ఉరుము విన్న అరగంట వరకు బయటికి రాకూడదు. చెట్టు నీడ, రేకుల పాక, చెరువుగట్టు ఆశ్రయాలు కావు.

బులెటిన్ మాటలు, రంగులు

హెచ్చరికలలో వాడే మాటలకు కచ్చితమైన కొలతలు ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో నాలుగవ వంతు లేదా అంతకు తక్కువ. కొన్నిచోట్ల అంటే నాలుగవ వంతు నుంచి సగం వరకు. అనేకచోట్ల అంటే సగం నుంచి ముప్పావు వంతు వరకు. ఆపైన దాదాపు అన్నిచోట్ల. వేసవి గాలివానలలో చాలా భాగం మొదటి తరగతిలోకి వస్తాయి. ఒకటి రెండు చోట్ల భారీ ఈదురు గాలులు అన్న సూచనను జిల్లా అంతటా పెనుగాలులు అని శీర్షికగా మారిస్తే, గాలి రాని తొంభై గ్రామాల వారు మరుసటి సూచనను నమ్మరు. ఆ మాటను పూర్తిగా తొలగించి తేలికపాటి జల్లులు అని రాస్తే, గాలి వచ్చిన పదవ గ్రామానికి అన్యాయం జరుగుతుంది.

రంగుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పసుపు గమనిస్తూ ఉండమని, నారింజ సన్నద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే చర్య తీసుకోమని చెబుతాయి. ఉదయం పసుపుగా ఉన్న జిల్లా మధ్యాహ్నం మూడు గంటలకు నారింజ కావచ్చు. మూడు గంటల వ్యవధికి మాత్రమే చెల్లే తక్షణ సూచనలు రాడార్ చిత్రాలను చూసి ఎప్పటికప్పుడు విడుదల అవుతాయి. ఉదయపు బులెటిన్‌ను సాయంత్రపు వార్తలలో తిరిగి చదవడం గాలివాన రోజులలో నిరుపయోగమే గాక కొన్ని సందర్భాలలో హానికరం.

జిల్లా యంత్రాంగం విషయానికి వస్తే, ఏప్రిల్, మే మాసాలలో దాళ్వా ధాన్యం కళ్లాల మీద, మొక్కజొన్న, మిరప మార్కెట్ యార్డులలో, మామిడి చెట్ల మీద ఉంటుంది. ద్రోణి జిల్లా మీదుగా ఉన్నదని ఉదయం తెలిసిన రోజున కొనుగోలు కేంద్రాలలో తూకం వేసిన బస్తాలను మధ్యాహ్నం లోపు తరలించడం, టార్పాలిన్లను గోదాములో గాక కళ్లం దగ్గర ఉంచడం సాధ్యమయ్యే పనులు. విద్యుత్ సిబ్బంది లైన్లకు తగిలే కొమ్మలను మార్చిలోనే నరికించుకోవాలి. నగరాలలో హోర్డింగులు, క్రేన్లు, నిర్మాణ స్థలాల పక్కన కార్మికులు వేసుకున్న గుడిసెలు గాలి రాకముందే తనిఖీ కావాలి. ఆసుపత్రులకు, తాగునీటి పంపులకు విద్యుత్తును ముందుగా పునరుద్ధరించవలసిన అవసరం వేసవిలో మరింత ఎక్కువ. మర్నాటి ఎండ ఎవరి కోసమూ ఆగదు.

గాలివాన వెళ్లిన తరువాత తహసీల్దార్ల నుంచి వెళ్లే నివేదికలలో నష్టపోయిన ఎకరాలు, కూలిన ఇళ్లు ఉంటాయి. గాలి ఎన్ని గంటలకు, ఏ దిక్కు నుంచి వచ్చింది, వడగండ్లు గోలీకాయంత ఉన్నాయా, నిమ్మకాయంత ఉన్నాయా అన్నది చాలా అరుదుగా ఉంటుంది. రాడార్‌లో కనిపించిన గుర్తుకు నేల మీద ఏం జరిగిందో సరిపోల్చుకోవడానికి వాతావరణ కేంద్రానికి కావలసినది ఆ వివరమే. అది గ్రామ స్థాయిలో ఉన్న సిబ్బంది ఎవరైనా రాయగలిగినది. మర్నాడు మేఘాలు ఎక్కడ పుడతాయో చెప్పడానికి కూడా అది ఉపకరిస్తుంది. ముందు రోజు వాన వల్ల చల్లబడిన నేల, ఎండిన నేల కలిసే చోటు మరో చిన్న ద్రోణి వలె పనిచేస్తుంది. బంగాళాఖాతం మీది అధిక పీడనం కదలకుండా ఉన్న పక్షంలో, మరుసటి సాయంత్రపు మేఘం అక్కడే తల ఎత్తవచ్చు.